దుబాసీ

మా ఊళ్లో రాయి మండుతుంది.
కట్టుకథ కాదు. ఎస్టోనియా తూర్పు కొసన
భూమి పొరల్లోంచి తవ్వితీసే గోధుమరంగు పలక,
నిప్పు చూపిస్తే జిడ్డుగా అంటుకుని
కరెంటూ జీతమూ వేడినీళ్లూ ఇచ్చి
చివరికి బూడిదై, ఊరి వెనక కొండై కూర్చుంటుంది.
మాకున్న కొండలన్నీ మా నాన్నల వయసువే.

నా పేరు రయీసా. పని దుబాసీ.
అటు మాట ఇటు, ఇటు మాట అటు,
గంటకింత అని.

ఇవాళ రాజధాని నుంచి తార్మో వచ్చాడు,
మంత్రిత్వశాఖ మనిషి, బూట్లకింకా మా బురద అంటలేదు.
అతను ఎస్టోనియన్‌లో చెబుతాడు.
క్లబ్బు హాల్లో మూడొందల మంది రష్యన్‌లో వింటారు.
మధ్యలో నా గొంతు.

"న్యాయమైన మార్పు" అన్నాడు.
నాకు నోరు తడబడింది.
మా రష్యన్‌లో ఆ మాటకి
రోడ్డు దాటడమని కూడా అర్థం.
అలాగే అనేశాను.
వెనక వరసలోంచి క్లావ్‌దియా లేచింది,
ఇరవై ఆరేళ్లుగా క్రేను నడుపుతున్న మనిషి:
"దాటమంటున్నాడు, సరే.
అవతలి గట్టు ఎక్కడుందో అడుగు."

అడిగాను, కాస్త మర్యాద కలిపి.
కాగితాలు తిరగేశాడు.
బ్యాటరీల కార్ఖానా వస్తుంది, నూట నలభై ఉద్యోగాలు.
అందాకా ఆరు నెలల శిక్షణ,
కంప్యూటరూ, ఎస్టోనియన్ వ్యాకరణమూ.

బాయిలరు దగ్గర యాభై ఏడేళ్లు నిండిన ఆర్సేనీ
గట్టిగా నవ్వాడు.
ఆ నవ్వుని తర్జుమా చెయ్యమని ఎవరూ అడగలేదు.
ఆర్సేనీ మా నాన్న.

పొమ్మనలేక పొగబెట్టారని అంటారే,
మమ్మల్ని పొగ ఆర్పి పొమ్మంటున్నారు.

అయినా తార్మోని తిట్టలేను.
మా మేనమామ యెవ్లాంపీ పేయిప్సీ సరస్సు ఒడ్డున ఉంటాడు.
చలికాలమంతా మంచుకి బెజ్జం కొట్టి చేపలు పట్టే ఇల్లు వాళ్లది.
వాళ్ల తాత ఆ మంచు మీద లారీ నడిపాడట.
నిరుడు ఫిబ్రవరిలో అదే మంచు
మామ స్లెడ్జిని, వలల్ని, గొడ్డలిని మింగింది,
మామని మాత్రం ఉమ్మేసింది.
వణుకుతూ మా ఇంటికొచ్చి
రేడియేటరుకి వీపు ఆనించి కూర్చున్నాడు.
"మీ పొగే నా మంచు తాగింది, బావా."
నాన్న మాట్లాడలేదు. టీ పోశాడు.
రేడియేటరు చక్కగా వెచ్చగా ఉంది,
ఆ రాయి వేడితోనే.

విరామంలో, కోట్లు తగిలించే కొక్కేల దగ్గర
తార్మో గొంతు తగ్గించి అన్నాడు:
"ఆ నూట నలభై ఇంకా సంతకాలు కాలేదు."
నాతో అన్నాడా, తనతో అనుకున్నాడా?
అది గంటల లెక్కలోకి వస్తుందా?

మళ్లీ క్లావ్‌దియానే:
"ఆ ఉద్యోగాలు నిజమేనా?"
అతను నసిగాడు. ఆ నసుగుడుని నేను
"ఉంటాయి" అనీ చెప్పొచ్చు, "ఉండొచ్చు" అనీ చెప్పొచ్చు.
కడుపులో ఏదో దేవింది.
"ఉండొచ్చు" అన్నాను.

హాలు కుర్చీలతో సహా మూలిగింది.
తార్మో నా వైపు చూశాడు.
తర్వాత కాగితాలు మడిచి జేబులో పెట్టి
వచ్చీరాని రష్యన్‌లో, నన్ను దాటి, నేరుగా:
"నాకూ తెలీదు."

కాసేపు ఎవరూ దగ్గలేదు.
మా ఊళ్లో అది అరుదు.

"ఇదీ మాటంటే," అంది క్లావ్‌దియా.
"ఇక రాసుకో. కొత్త తలుపు తెరిచాకే
పాత తలుపు మూయాలి. మధ్యలో చలికాలం ఉంది."
అతను రాసుకున్నాడు. ఆ పుస్తకం
ఎవరి బల్ల మీదకి చేరుతుందో నాకేం తెలుసు.

రాత్రి ఇంటికొచ్చాక నాన్న
బూట్లు విప్పకుండానే మామకి ఫోన్ చెయ్యమన్నాడు.
"మంచు ఎంత మందం ఉందో అడుగు."
"ఎనిమిది సెంటీమీటర్లు."
"మనిషి నిలబడాలంటే?"
"పది."

నాన్న ఫోన్ నాకిచ్చి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
రెండు సెంటీమీటర్లు పట్టుకుని
దీపం కింద చాలాసేపు
దాన్నే చూస్తూ కూర్చున్నాడు.